కర్రపెండలపు మొజాయిక్ తెగులు: కారకము కనుగొనిన కథ

సగ్గుబియ్యపు పాయసము రుచి ఎరుగనివారు తెలుగుదేశములో అరుదు. కాని ఆ ముత్యముల వంటి గింజలు ఏ పైరునకు కాచినవి అని అడిగినచో, చక్కగా సమాధానము చెప్పగలవారు అంత ఎక్కువమంది ఉండరు. సగ్గుబియ్యము గింజయే కాదు. కర్రపెండలము అను మొక్క యొక్క దుంపలనుండి తీసిన పిండిని గుండ్రని పూసలుగా చేసి, వేడిచేసి, ఎండబెట్టగా వచ్చునదే సగ్గుబియ్యము. తూర్పుగోదావరి ప్రాంతమున పెద్దాపురము, సామర్లకోట పరిసరములలోని మెట్టభూములలో ఈ పైరు విస్తారముగా సాగగుచున్నది. దానిపై ఆధారపడిన సగ్గుబియ్యపు మిల్లులు కూడ అక్కడనే వెలసినవి.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. పదునారవ శతాబ్దమున పోర్చుగీసు నావికులు దీనిని బ్రెజిల్ నుండి ఆఫ్రికా పడమటి తీరమునకు చేర్చిరి. తరువాత భారతదేశమునకును ఇది సముద్రమార్గముననే వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర తిరువాన్కూరు మహారాజు విశాఖం తిరునాళ్ దీని సాగును ప్రోత్సహించి, బియ్యము దొరకని పేదలకు దీనిని ప్రత్యామ్నాయ ఆహారముగా నిలిపెను. ఆఫ్రికాలో కోట్లాది ప్రజలకు నేటికిని ఇదియే అన్నము. వానలు తప్పినను, నేల నిస్సారమైనను ఎంతో కొంత దుంప ఇచ్చు మొక్క యిది. పండిన దుంపలను వెంటనే త్రవ్వవలసిన పనియు లేదు. అవసరమైనప్పుడు త్రవ్వుకొనుటకు అవి భూమిలోనే నిలువయుండును. కనుకనే కరవు కాలమునకు ఇది పెన్నిధి.

ఈ పైరు నాటు విధానమును ఇక్కడ గుర్తుంచుకొనవలెను. కర్రపెండలమును విత్తనములతో వేయరు. కిందటి పైరులోని కాండమును జానెడేసి ముక్కలుగా కోసి భూమిలో పాతుదురు. ఆ ముక్క చిగిర్చి క్రొత్తమొక్క అగును. తల్లిమొక్కలోని గుణములు అన్నియు దానికి తప్పక వచ్చును. అట్లే తల్లిమొక్కలోని రోగము కూడ వచ్చును. ఈ కథలోని కష్టము సగము ఈ ఒక్క విషయములోనే ఇమిడియున్నది.

ఉసంబరా కొండలలో ముడుచుకొనిన ఆకులు

1894వ సంవత్సరమున ఒట్టో వార్‌బర్గ్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలోని ఉసంబరా ప్రాంతపు పైరులను గూర్చి వ్రాయుచు, అక్కడి కర్రపెండలమునకు పట్టిన ఒక క్రొత్త తెగులును వర్ణించెను. ఆ ప్రాంతము నేటి టాంజానియాలోనిది, నాడు జర్మనుల పాలనలో ఉండెడిది. ఆకులు ముడుచుకొనిపోవుటచే దీనికి జర్మనుభాషలో 'ముడుత తెగులు' అను అర్థమునిచ్చు పేరు వచ్చినది. ఆకుపై పచ్చని భాగములును, పాలిపోయిన భాగములును కలిసి గచ్చుపలకల పొదుగుడు వలె కనబడుటచే తరువాత 'మొజాయిక్' అను పేరు స్థిరపడినది. తెగులు తీవ్రమైనచో ఆకు వంకరపోయి చిన్నదగును. పత్రహరితము తగ్గినందున మొక్క తయారుచేయు పిండిపదార్థము తగ్గును, అందుచే దుంపలు ఊరవు.

ఇచట ఒక విచిత్రము కలదు. కర్రపెండలము పుట్టినచోటైన దక్షిణ అమెరికాలో ఈ తెగులు లేదు. అనగా రోగము మొక్కతోబాటు ఓడనెక్కి వచ్చినది కాదు. ఆఫ్రికాలోని ఏదో స్థానికమైన మొక్కనుండి ఈ పరదేశి మొక్కకు సంక్రమించి యుండవలెనని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

నేరము రుజువుచేయుట ఎట్లు?

ఒక సూక్ష్మజీవి ఒక రోగమునకు కారణమని చెప్పుటకు ఏమి ఋజువు కావలెను? ఈ ప్రశ్నకు జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్ 1880-90 మధ్య కాలమున స్పష్టమైన నియమములు ఏర్పరచెను. ఆ సూక్ష్మజీవి రోగగ్రస్తమైన ప్రాణులలో కనబడవలెను. దానిని వేరుచేసి శుద్ధముగా పెంచగలుగవలెను. అట్లు పెంచిన దానిని ఆరోగ్యవంతమైన ప్రాణిలో ప్రవేశపెట్టినచో అదే రోగము రావలెను. ఆ రెండవ ప్రాణినుండి అదే సూక్ష్మజీవి మరల దొరకవలెను. న్యాయస్థానములో దొంగను నిరూపించుటకు దొంగసొత్తు దొరికిన చాలదు, దొంగతనము అతడే చేసినట్లు చూపవలెను. రోగము విషయములోను అంతే. రోగి శరీరములో ఒక జీవి కనబడినంత మాత్రమున అది నేరస్థురాలు కాదు.

ఈ నియమములు బాక్టీరియాలకు చక్కగా సరిపడినవి. కాని 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, 1898లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ పొగాకు మొజాయిక్ తెగులుపై చేసిన పరిశోధనలు ఒక క్రొత్త చిక్కును తెచ్చిపెట్టినవి. తెగులు పట్టిన ఆకురసమును బాక్టీరియాలను ఆపివేయునంత సన్నని వడపోత గుండా పంపినను, ఆ రసము రోగమును కలిగించుచునే ఉండెను. అందలి కారకము సూక్ష్మదర్శినిలో కనబడదు. సజీవకణములలో తప్ప వెలుపల పెరుగదు. ఇట్టి కారకములకే వైరసులు అను పేరు స్థిరపడినది.

ఉసంబరా కొండలలోనే అమాని అను చోట జర్మనులు 1902లో ఒక పరిశోధనసంస్థను స్థాపించిరి. అందు పనిచేసిన జిమ్మర్మన్ 1906లో కర్రపెండలపు ముడుత తెగులు కూడ ఇట్టి అదృశ్యకారకము వలననే కలుగుచుండవచ్చునని సూచించెను. అది సూచనయే గాని ఋజువు కాదు. ఆ సూచనకు పూర్తియైన ఋజువు దొరకుటకు ఇంకను 77 ఏండ్లు పట్టినది.

తెల్లదోమ పాత్ర

అంటుకట్టినపుడు రోగపు మొక్కనుండి మంచిమొక్కకు తెగులు సంక్రమించుచుండెను. కాని పొలములో ఎవరును అంటుకట్టరుగదా! మరి రోగము ఒక మొక్కనుండి మరియొక మొక్కకు ఎట్లు పోవుచున్నది? 1932లో బెల్జియన్ కాంగోలో గెస్కియేర్ తెల్లదోమపై అనుమానము వ్యక్తపరచెను. 1936లో నైజీరియాలో గోల్డింగు ప్రయోగములు దానిని బలపరచినవి. తెల్లదోమ నిజముగా దోమ కాదు. ఆకుల అడుగుభాగమున గుంపులుగా చేరి రసము పీల్చు, గసగసాల గింజకన్న కొంచెము పెద్దదైన, తెల్లని పొడి పూసిన రెక్కలు గల పురుగు. దాని శాస్త్రీయనామము బెమీసియా టబాకి.

1938లో అమానిలో హెచ్. హెచ్. స్టోరీ, ఆర్. ఎఫ్. డబ్ల్యు. నికల్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ విషయమును నిశితముగా పరిశీలించి ప్రకటించిరి. నాటికి అమాని ఇంగ్లీషువారి చేతికి వచ్చియుండెను. స్టోరీ అంతకుముందే మక్కజొన్న చారల తెగులును దీపపు పురుగుల జాతి కీటకము వ్యాపింపజేయునని నిరూపించి పేరుగాంచినవాడు. తెగులు మొక్కలపై మేసిన తెల్లదోమలను ఆరోగ్యవంతమైన మొక్కలపైకి వదలగా అవి తెగులుపడినవి. లేత ఆకులద్వారా మాత్రమే రోగము లోనికి ప్రవేశించుననియు, తెగులులో తీవ్రమైన రకములును తేలికైన రకములును కలవనియు వారు గుర్తించిరి. రోగకారకము ఒకటియేనా, పెక్కులా అను ప్రశ్నకు బీజము ఇక్కడనే పడినది.

అంతకు రెండేండ్ల ముందు, 1936లో, స్టోరీ మరియొక ముఖ్యమైన సంగతిని కనిపెట్టెను. కర్రపెండలమునకు మొజాయిక్ గాక మరియొక వైరసు తెగులు కూడ కలదు. అందు ఆకులు వంకరపోవు, కాండముపై గోధుమరంగు చారలు ఏర్పడును, దుంపలోపల కుళ్ళినట్లు గోధుమరంగు మచ్చలు పడును. పైకి పచ్చగా కనబడు మొక్కను పెరికి చూచిన తరువాతగాని రైతునకు నష్టము తెలియదు. దీనికి 'గోధుమచారల తెగులు' అని పేరు. ఒకే పొలములో రెండు రోగములు కలిసియున్నపుడు వాటిని విడదీసి గుర్తించుట పరిశోధకుని మొదటి కర్తవ్యమని ఇది బోధించుచున్నది.

కారకమును చూడకయే చికిత్స

శత్రువు ముఖము కనబడకున్నను అమాని శాస్త్రజ్ఞులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తెగులు లేని మొక్కలనుండియే కాండపు ముక్కలు తీసి నాటవలెననియు, పొలములో తెగులు మొక్క కనబడగనే పెరికివేయవలెననియు వారు చెప్పిరి. అంతేగాక కర్రపెండలమును దాని బంధువైన సియారా రబ్బరు చెట్టుతో సంకరము చేసిరి. ఆ చెట్టులోని నిరోధశక్తి సంకరపు మొక్కలకు వచ్చినది గాని దుంపలు సరిగా ఊరలేదు. కనుక ఆ సంతానమును మరల మరల కర్రపెండలముతో సంకరముచేయుచు పోయిరి. ఆ కృషిఫలములే తరువాత నైజీరియాకు చేరి, ఇబాదాన్‌లో 1967లో స్థాపితమైన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధనసంస్థలో రూపొందిన తెగులును తట్టుకొను వంగడములకు పునాది అయినవి.

జంటకణముల దర్శనము

రెండవ ప్రపంచయుద్ధానంతరము తూర్పు ఆఫ్రికా వ్యవసాయ పరిశోధన కెన్యాలోని ముగుగాకు తరలినది. అక్కడ 1970 తరువాతి సంవత్సరములలో కె. ఆర్. బాక్, ఆయన సహచరులు ఈ సమస్యను మరల చేపట్టిరి. తెగులు ఆకులను నూరి, ఆ రసమును పొగాకు జాతికి చెందిన నికోటియానా క్లీవ్‌లాండీ అను మొక్క ఆకులపై రుద్దిరి. కొన్ని మొక్కలు జబ్బుపడినవి. వాటినుండి వైరసును శుద్ధిచేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా అపూర్వమైన దృశ్యము కనబడినది. కణములు ఒంటరిగా లేవు. రెండేసి చొప్పున అతుకుకొని, కవలపిల్లలవలె ఉన్నవి. ఒక్కొక్క జంట సుమారు 30 నానోమీటర్ల పొడవు, 20 నానోమీటర్ల వెడల్పు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. మక్కజొన్న చారల తెగులు వైరసు కూడ ఇట్టిదే. ఆకాశమున మిథునరాశికి గల లాటిన్ పేరునుబట్టి ఈ కుటుంబమునకు 'జెమిని వైరసులు' అని నామకరణము జరిగినది. స్టోరీ వేరువేరుగా పరిశోధించిన రెండు తెగుళ్ళు ఒకే కుటుంబపు వైరసుల వలన కలుగునవని ఇట్లు తేలినది.

దొంగ దొరికెను గదా, ఇక కథ ముగిసినదని అనుకొనరాదు. బాక్ ఎదుట ఒక పెద్ద చిక్కు నిలిచినది. కెన్యా పడమటి ప్రాంతపు మొక్కలనుండి ఈ వైరసు తేలికగా దొరకెను. కాని సముద్రతీరపు మొక్కలు అంతే స్పష్టముగా మొజాయిక్ తెగులు చూపుచున్నను, వాటిరసము ఆ పొగాకు జాతి మొక్కపై ఏ ప్రభావమును చూపలేదు. తెగులు ఉన్నచోట వైరసు దొరకకపోవుట కాఖ్ మొదటి నియమమునకే విరుద్ధము. పైగా వేరుచేసిన వైరసును తిరిగి కర్రపెండలములో ప్రవేశపెట్టి మొజాయిక్‌ను కలిగించుటయు సాధ్యము కాలేదు. బహుశః ఈ వైరసు తెగులుతో సంబంధము లేక మొక్కలో ఊరక దాగియున్నదేమో! నిజాయితీ గల పరిశోధకులు గనుక వారు దానిని మొజాయిక్ వైరసు అని పిలువలేదు. 'కర్రపెండలపు గుప్త వైరసు' అను పేరు పెట్టిరి. చేతికి చిక్కిన దానిని నేరస్థుడని తొందరపడి ముద్రవేయక, సందేహమును పేరులోనే నిలిపియుంచుట శాస్త్రధర్మము.

1983: ఋజువు పూర్తియగుట

ఈలోగా ఆ వైరసు స్వభావము బయటపడుచు వచ్చినది. 1977లో బి. డి. హారిసన్, బాక్ మొదలగువారు దానిలోని జన్యుపదార్థము వలయాకారముగా చుట్టుకొనిన ఒంటిపోగు డి.ఎన్.ఏ. అని ప్రకటించిరి. నాటికి తెలిసిన వృక్షవైరసులలో అత్యధికము ఆర్.ఎన్.ఏ. గలవి కనుక ఇది శాస్త్రలోకమును ఆశ్చర్యపరచినది. 1983లో ఇంగ్లండులో జాన్ స్టాన్లీ, ఎం. ఆర్. గే ఆ డి.ఎన్.ఏ. అక్షరక్రమమును మొత్తము చదివిరి. వలయములు రెండు. ఒకదానిలో 2,779, మరొకదానిలో 2,724 న్యూక్లియోటైడులు ఉన్నవి. ఒక వలయము మాత్రమే మొక్కలో ప్రవేశపెట్టిన రోగము రాదు. రెండును కలిసిననే వచ్చునని స్టాన్లీ అదే ఏట చూపెను. వైరసు నకళ్ళు తీయుట, దాని పైతొడుగు మాంసకృత్తును తయారుచేయుట మొదటి వలయము పని. కణమునుండి కణమునకు ప్రయాణము సాగించుట రెండవదాని పని.

అదే 1983లో బాక్, ఆర్. డి. వుడ్స్ అసలైన చిక్కుముడిని విప్పిరి. నికోటియానా బెంథామియానా అను మరియొక పొగాకు జాతి మొక్క వైరసులకు ఇంకను సులభముగా లొంగును. దానిపై తీరప్రాంతపు నమూనాలు కూడ పెరిగినవి. అట్లు పెంచిన వైరసును తెగులుకు మిక్కిలి లొంగు ఒక కర్రపెండలపు రకముపై రుద్దగా ఆకులపై అచ్చమైన మొజాయిక్ తెగులు కనబడినది. వాటినుండి అదే వైరసు తిరిగి దొరకినది. కాఖ్ నియమములు నెరవేరినవి. గుప్త వైరసు అను పేరు పోయి 'ఆఫ్రికా కర్రపెండలపు మొజాయిక్ వైరసు' అను పేరు వచ్చినది. వార్‌బర్గ్ వర్ణననుండి ఇప్పటికి 89 ఏండ్లు గడచినవి.

ఒకటి కాదు, పెక్కు

అయినను తీరప్రాంతపు నమూనాలు మొదట ఏల మొండికేసినవి? వైరసును కుందేలు వంటి జంతువు రక్తములోనికి ఎక్కించినచో, దానిని గుర్తించు ప్రతిరక్షకములు పుట్టును. ఇట్టి ప్రతిరక్షకములతో ప్రపంచపు నలుమూలల నమూనాలను పరీక్షించి హారిసన్ బృందమువారు వాటిని మూడు గుంపులుగా విభజించిరి. 1990 తరువాతి సంవత్సరములలో డి.ఎన్.ఏ. అక్షరక్రమములను పోల్చిచూడగా ఆ మూడును మూడు వేరు వైరసులని తేలినది: ఆఫ్రికా వైరసు, తూర్పు ఆఫ్రికా వైరసు, భారత వైరసు. కెన్యా తీరములో బాక్‌ను అంతకాలము తికమకపెట్టినది తూర్పు ఆఫ్రికా వైరసు. ఆయన ప్రయోగము తప్పుకాదు. రెండు రోగకారకములు ఒకే లక్షణముల ముసుగు ధరించి నిలిచినవి.

ఈ భేదము పండితుల పట్టికలకు మాత్రమే సంబంధించినది కాదని ఉగాండా నిరూపించినది. 1988లో ఆ దేశమున లువేరో జిల్లాలో మొజాయిక్ తెగులు మునుపెన్నడు చూడనంత తీవ్రముగా తలయెత్తెను. ఏటికి సుమారు 20 నుండి 30 కిలోమీటర్ల చొప్పున దక్షిణముగా జరుగుచు వచ్చెను. పొలములకు పొలములు దుంపలేక పాడుపడినవి. రైతులు చాలచోట్ల ఈ పైరునే మానుకొనవలసివచ్చెను. కరవును కాచు పైరే పోయినచోట ఆకలి ప్రవేశించినది.

ప్రతిరక్షకములతో పరీక్షింపగా అది పాత ఆఫ్రికా వైరసువలెనే కనబడెను. మరి పాతదానికి ఈ క్రొత్త బలము ఎక్కడిది? 1997లో డి.ఎన్.ఏ. చదివిన పిదప రహస్యము బయటపడినది. అది నిజముగా తూర్పు ఆఫ్రికా వైరసు. కాని దాని పైతొడుగు మాంసకృత్తును నిర్ణయించు జన్యువు నడిమిభాగమున సుమారు 460 న్యూక్లియోటైడులు ఆఫ్రికా వైరసునుండి వచ్చి చేరినవి. ఒకే మొక్కలో రెండు వైరసులు కలిసినపుడు వాటి డి.ఎన్.ఏ. ముక్కలు మారి, క్రొత్తది పుట్టినది. ప్రతిరక్షకములు తొడుగును మాత్రమే చూచును గనుక మోసపోయినవి. పులి ఆవుతోలు కప్పుకొని మందలో చేరినట్లు ఇది పాతవైరసు తొడుగుతో తిరిగినది. ఈ సంకరవైరసును పాత ఆఫ్రికా వైరసును ఒకే మొక్కలో కలిసిన యెడల రోగము మరింత తీవ్రమగుననియు తెలియవచ్చినది. అమాని వంశపు నిరోధశక్తి గల వంగడములను పంచిపెట్టిన పిమ్మట ఉగాండాలో ఈ పైరు మరల కోలుకొనినది.

భారతదేశము, ఆసియా

భారతదేశములో ఈ తెగులు 1956లో నమోదైనది. 1963లో తిరువనంతపురములో స్థాపింపబడిన కేంద్ర దుంపపంటల పరిశోధనసంస్థ దీనిపై విశేషకృషి చేసినది. ఇక్కడ భారత వైరసేగాక, 2002లో వేరుగా గుర్తింపబడిన శ్రీలంక వైరసు కూడ ఉన్నట్లు తేలినది. ఇబాదాన్ నుండి తెచ్చిన వంగడములనుండి ఎన్నికచేసిన 'శ్రీ పద్మనాభ' రకము ఈ తెగులును తట్టుకొనును. శ్రీలంక వైరసు 2015లో కంబోడియాలో కనబడి, అటుపై వియత్నాము, థాయిలాండులకు ప్రాకినది. తెగులు గల కాండపు ముక్కలు ఎల్లలు దాటి పోవుట దీనికి ఒక ముఖ్యకారణము.

ఈ జంటకణముల కుటుంబమును చూచుటకు ఆంధ్రదేశపు విద్యార్థి దూరము పోనక్కరలేదు. బెండతోటలో ఈనెలు పసుపుపచ్చనగుట, మినుము పెసర చేలలో ఆకులపై పసుపుమచ్చలు పడుట అతడెరిగినవే. రైతులు పల్లాకు తెగులు అని పిలుచు ఈ రోగముల కారకములు ఇట్టి జెమిని వైరసులే. వాటిని మోయునదియు ఆ తెల్లదోమయే. ఉపాధ్యాయులు పిల్లలను చేనికి తీసికొనిపోయి, ఆకు అడుగుభాగమును తిప్పి చూపినచో ఈ పాఠము పుస్తకములేకయే బోధపడును.

స్టోరీ 1936లో వర్ణించిన గోధుమచారల తెగులు సంగతి ఇంకను ఆలస్యముగా తేలినది. దాని కారకము జెమిని వైరసు కాదు, ఆర్.ఎన్.ఏ. గల మరియొక కుటుంబపు వైరసు అని 2001లో నిర్ధారణయైనది. పిమ్మట అందును రెండు జాతులు కలవని తెలిసినది. మొజాయిక్‌ను తట్టుకొను వంగడములలో కొన్ని దీనికి లొంగిపోవుటచే తూర్పు ఆఫ్రికా రైతు మరల క్రొత్త పోరాటమునకు దిగవలసివచ్చెను. ఒక శత్రువును గుర్తించి నిలిపినంతమాత్రమున పొలమునకు కావలి అక్కరలేకపోదు.

రైతునకు నేడును మొదటి రక్ష అమాని శాస్త్రజ్ఞులు చెప్పినదే: ముక్క కోయుటకు ముందు తల్లిమొక్క ఆకును చూడుము. వైరసు పేరు తెలియని దినములలో ఆ మాట అనుభవము మీద చెప్పినది. ఆ మాట ఏల నిజమో చెప్పుటకు జంటకణములను, రెండు వలయములను, వాటి సంకరమును చదువవలసివచ్చెను. ఏ వైరసు ఏ చేనిలో ఉన్నదో తెలిసినపుడే ఏ వంగడము అక్కడ నిలుచునో చెప్పగలుగుదురు.